308 రీలోడింగ్‌కి బ్రాస్: ఏ కంపెనీ అన్నది రెండో ప్రశ్న

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఉండేది టెక్సస్‌లో. 308 విన్‌చెస్టర్ తూటా పేల్చే బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగాల్సినది) ఒకటి, 223 తూటా పేల్చే ఏఆర్ (తర్వాతి తూటాని తనే ఎక్కించుకునే రైఫిల్) ఒకటి ఉన్నాయి. సీజన్‌లో జింకల వేట, మిగతా రోజుల్లో 600 గజాల దాకా టార్గెట్. షూటింగ్ రేంజ్‌లో ఏరి తెచ్చుకున్న ఖాళీ కేసులు, అంటే పేలిపోయిన తూటాల ఇత్తడి తొడుగులు, ఒక బకెట్ నిండా ఉన్నాయి. వీటినే బ్రాస్ అంటారు. వీటిలో మళ్ళీ ప్రైమర్ (పౌడర్‌ని అంటించే చిన్న టోపీ), పౌడర్, బుల్లెట్ పెట్టి తూటా చేసుకోవడమే రీలోడింగ్. ఒక ఫ్రెండ్ "లాపువా తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దు" (లాపువా ఒక ఖరీదైన బ్రాస్ కంపెనీ) అంటే, ఇంకొకరు "బకెట్ నిండా ఉంటే మళ్ళీ కొనడం దేనికి" అన్నారు. ఎవరి మాట వినాలి అని అడిగారు.

308కి కొత్త బ్రాస్ కొనండి. ఒకే కంపెనీ, ఒకే లాట్ (ఒకేసారి తయారైన బ్యాచ్), 100 కేసులు. వాటిలో వేరేవి కలపకండి. బకెట్‌లోంచి 223 మాత్రం ఏరుకుని ఏఆర్‌కి వాడుకోండి, అదీ కింద చెప్పిన పరీక్షలు అయ్యాకే. బ్రాస్ విషయంలో కంపెనీ పేరు కంటే ఆ కేస్ ఎక్కడ పుట్టిందో, ఎన్నిసార్లు ఏ రైఫిల్‌లో పేలిందో మీకు తెలిసి ఉండటం ముఖ్యం. చరిత్ర తెలియని లాపువా కంటే, మొదటి రోజు నుంచి మీ చేతిలోనే ఉన్న మామూలు బ్రాస్ నయం.

టెక్నికల్ విషయాల్లోకి వెళ్ళేముందు చట్టం సంగతి. మనవాళ్ళు చాలామంది దీన్ని పట్టించుకోరు. హెచ్1బి లాంటి నాన్‌ఇమ్మిగ్రంట్ వీసా మీద ఉన్నవాళ్ళు అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. ఆ చట్టంలో "ఆమ్యునిషన్" అంటే తయారైన తూటా ఒక్కటే కాదు, ఖాళీ కేసులు, ప్రైమర్లు, బుల్లెట్లు, పౌడర్ కూడా ఆ నిర్వచనంలోకే వస్తాయి. సొంత వాడకానికి రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. వ్యాపారంగా తయారుచేసి అమ్మాలంటే కావాలి. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. అందుకే హైదరాబాద్ ప్రయాణం పెట్టుకుంటే, రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగ్‌లో బట్టలు సర్దకండి. అడుగున మర్చిపోయిన ఒక్క ఖాళీ కేస్ చాలు, ఎయిర్‌పోర్ట్‌లో రోజంతా టెన్షన్ పడటానికి.

ఇక అసలు విషయం. తూటాలో ఉండేవి నాలుగే: బుల్లెట్, పౌడర్, ప్రైమర్, కేస్. మొదటి మూడూ ఒక్క దెబ్బతో అయిపోతాయి. మళ్ళీ చేతికొచ్చేది కేస్ ఒక్కటే. కార్ట్రిడ్జ్ బ్రాస్ అంటే సుమారు 70 శాతం రాగి, 30 శాతం జింక్ కలిసిన ఇత్తడి. రేకులోంచి గుండ్రటి బిళ్ళ కోసి, దాన్ని గిన్నెలా వంచి, మధ్యమధ్యలో వేడి చేసి మెత్తబరుస్తూ పొడవుగా సాగదీస్తారు. ఆఖరికి అడుగు భాగం గట్టిగా, మెడ మెత్తగా ఉండేలా తయారవుతుంది. రెండూ అవసరమే. 308లో అనుమతించిన గరిష్ఠ ప్రెషర్ చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. ట్రిగ్గర్ నొక్కగానే మెడ, గోడలు ఉబ్బి ఛాంబర్‌కి (రైఫిల్‌లో తూటా కూర్చునే గదికి) అతుక్కుని గ్యాస్ వెనక్కి రాకుండా ఆపాలి. ఆ వెంటనే కాస్త ముడుచుకుని బయటికి రావాలి. అడుగు మాత్రం కదలకుండా ప్రైమర్‌ని బిగించి పట్టుకోవాలి. మంచి బ్రాస్ ఈ పనిని ప్రతిసారీ ఒకేలా చేస్తుంది, ధరలో తేడా అంతా ఆ "ఒకేలా" అన్నదానికే.

వేర్వేరు కంపెనీల కేసులు కలపొద్దు అని అందరూ అంటారు గానీ, ఎందుకో ఎవరూ లెక్క వేసి చూపించరు. మీ దగ్గర పౌడర్ తూచే స్కేల్ ఉంది కాబట్టి ఈ రాత్రే చూడండి. విన్‌చెస్టర్ 308 కేస్ ఒకటి తూస్తే 157 గ్రెయిన్ల (తూటాల బరువుకి వాడే చిన్న కొలత) దగ్గర చూపిస్తుంది, లాట్‌ని బట్టి అటూ ఇటూ. అమెరికా సైన్యానికి లేక్ సిటీ ఫ్యాక్టరీ చేసిన 7.62 నాటో కేస్ (308కి సైనిక రూపం) తూస్తే 180 దగ్గర ఉంటుంది. తేడా 23 గ్రెయిన్లు. రెండూ ఒకే ఛాంబర్‌లో పేలి ఒకే బయటి ఆకారానికి వచ్చినవే అనుకుంటే, ఆ అదనపు ఇత్తడి ఎక్కడుంది? చాలావరకు లోపలే. ఇత్తడి నీటికంటే ఎనిమిదిన్నర రెట్లు బరువు. 23ని 8.5తో భాగిస్తే 2.7. అంటే సైనిక కేస్‌లో దాదాపు 2.7 గ్రెయిన్ల నీరు పట్టేంత చోటు తక్కువ. 308 కేస్‌లో మొత్తం పట్టేదే సుమారు 56 గ్రెయిన్ల నీరు కాబట్టి, ఇది 5 శాతం దాకా తేడా.

విన్‌చెస్టర్ కేస్‌లో గరిష్ఠానికి దగ్గరగా కుదుర్చుకున్న లోడ్‌ని (పౌడర్ కొలతని) అలాగే తీసుకెళ్ళి ఆ ఇరుకు కేస్‌లో పోస్తే ప్రెషర్ హద్దు దాటుతుంది. ఎత్తడం కష్టమైన బోల్ట్ హ్యాండిల్, చదునైపోయిన ప్రైమర్ దాని మొదటి గుర్తులు. అందుకే కేస్ కంపెనీ మారితే, ఆ మాటకొస్తే లాట్ మారినా, రీలోడింగ్ మాన్యువల్‌లోని స్టార్టింగ్ లోడ్ (మొదలుపెట్టాల్సిన తక్కువ పౌడర్ కొలత) నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. మాన్యువల్‌లో ప్రతి పట్టిక పైన వాళ్ళు ఏ కంపెనీ కేస్ వాడారో రాసి ఉంటుంది. చాలామంది పౌడర్ అంకె చూస్తారు గానీ ఆ లైన్ చదవరు.

ఇదే లెక్క 223కి వర్తించదు. 223కి సైనిక రూపమైన 5.56 నాటో బ్రాస్ మామూలు 223 కంటే మందం అని తరచూ వింటాం. తూచి చూడండి, లేక్ సిటీ 5.56 కేసులు చాలా కమర్షియల్ 223 కేసుల బరువుతోనే ఉంటాయి. 5.56కి, 223కి మధ్య అసలు తేడా ఛాంబర్ ముందు భాగంలోను, లోడ్ ప్రెషర్‌లోను ఉంది, ఇత్తడి మందంలో లేదు.

కంపెనీల సంగతి. లాపువా ఫిన్లాండ్ బ్రాస్, ఆ దేశంలోని లాపువా ఊరి పేరే కంపెనీ పేరు. 100 కేసుల నీలం ప్లాస్టిక్ డబ్బా తెరిచి పది తూస్తే ఎందుకంత పేరుందో తెలుస్తుంది. బరువులు, మెడ మందం, పొడవు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒక్కో కేస్ డాలర్‌కు పైమాటే. దీంతో ఒక చిక్కుంది, ముందే తెలుసుకోండి. లాపువా 6.5 క్రీడ్‌మూర్ (ఇంకో రైఫిల్ తూటా సైజు) కేసులు, 308లో పాల్మా అని వచ్చేవి స్మాల్ రైఫిల్ ప్రైమర్ తీసుకుంటాయి, వాటి ఫ్లాష్ హోల్ (ప్రైమర్ మంట పౌడర్‌కి చేరే రంధ్రం) కూడా చిన్నది, 1.5 మిల్లీమీటర్లు. మామూలు కేసుల్లో అది 2 మిల్లీమీటర్లు ఉంటుంది. మీ సైజింగ్ డైలో (పేలి ఉబ్బిన కేస్‌ని మళ్ళీ సైజుకి నొక్కే అచ్చులో) పాత ప్రైమర్‌ని తోసేసే పిన్ అందులో ఇరుక్కుపోతుంది, లేదా వంగిపోతుంది. సన్న పిన్ విడిగా కొనుక్కోవాలి. చిన్న ప్రైమర్ పాకెట్ (ప్రైమర్ కూర్చునే గుంట) చుట్టూ ఎక్కువ ఇత్తడి మిగులుతుంది కాబట్టి పాకెట్ త్వరగా వదులు కాదు, అది దాని లాభం. గడ్డకట్టే చలిలో వేటాడేవాళ్ళకు మాత్రం నేను లార్జ్ ప్రైమర్ కేసే చెబుతాను. 308లో పోసే అంత పౌడర్ చలికి అంటుకోవాలంటే పెద్ద ప్రైమరే ధీమా.

అమెరికాలోనే తయారయ్యే పీటర్సన్, ఆల్ఫా కూడా ఆ స్థాయి బ్రాసే. మీ అవసరానికి, అంటే వేటకీ 600 గజాలకీ, స్టార్‌లైన్ చాలు. మిస్సోరి రాష్ట్రం సెడేలియాలో చేస్తారు. ధర మధ్యస్థం, గోడలు గట్టివి. ఏ ప్రైమర్ సైజుదో చూసి ఆర్డర్ చేయండి. నోజ్లర్ వాళ్ళది మెడ అంచులు చెక్కి, వెంటనే లోడ్ చేసుకునేలా వస్తుంది. టైమ్ లేనివాళ్ళకు బాగుంటుంది, ఆ పని మీరే చేసుకోగలిగితే దానికి డబ్బు పెట్టక్కర్లేదు. విన్‌చెస్టర్, రెమింగ్టన్, హార్నడీ బ్రాస్ వాడదగ్గదే, కాకపోతే చాకిరీ ఉంటుంది. మెడలు సొట్టలు పడి వస్తాయి, ఫ్లాష్ హోల్ లోపలివైపు రజను మిగిలి ఉంటుంది, బరువుల్లో తేడాలు ఎక్కువ. సెర్బియాలో చేసే ప్రీవీ పార్టిజాన్‌ని నేను పాత సైనిక రైఫిళ్ళ కోసం చెబుతాను. 303 బ్రిటిష్, 7.5 స్విస్ లాంటివాటికి తక్కువ ధరలో దొరికే మంచి బ్రాస్ అది.

చాలామందికి తట్టని దారి ఇంకొకటి ఉంది. ఒకే లాట్ నంబర్ ఉన్న ఫ్యాక్టరీ తూటాలు అయిదు పెట్టెలు కొని, మీ రైఫిల్‌లోనే కాల్చి, కేసులు దాచుకోండి. ప్రాక్టీస్ అయిపోతుంది, రైఫిల్ అలవాటవుతుంది, చేతిలో 100 కేసులు మిగులుతాయి. అవి మీ ఛాంబర్ కొలతకే ఉబ్బినవి, ఒక్కసారే పేలినవి, వాటి గురించి మీకు తెలియంది ఏమీ ఉండదు. ఇప్పుడే మొదలుపెట్టే మనిషికి నా మొదటి సలహా ఇదే.

ఇప్పుడు ఆ బకెట్. ముందు అయస్కాంతం తిప్పండి. ఇత్తడి రంగు పూసిన స్టీల్ కేసులు దానికే అతుక్కుంటాయి, వాటిని తీసేయండి. తర్వాత టార్చ్ వేసి మూతిలోంచి లోపలికి చూడండి. అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉంటే బాక్సర్ ప్రైమింగ్, రీలోడ్ చేయొచ్చు. పక్కపక్కన రెండు చిన్న రంధ్రాలు ఉంటే బెర్డాన్, మీ డై పిన్ విరగడం తప్ప ఇంకేం జరగదు. తర్వాత అడుగున ఉన్న హెడ్‌స్టాంప్ చదవండి. ఎల్.సి. అన్న అక్షరాలు, రెండంకెల సంవత్సరం, వృత్తంలో క్రాస్ గుర్తు ఉంటే అది లేక్ సిటీ నాటో బ్రాస్. ప్రైమర్ చుట్టూ నొక్కినట్టు ఒక వలయం కనిపిస్తుంది. సైన్యం ప్రైమర్ ఊడిపోకుండా చేసిన క్రింప్ అది. దాన్ని స్వేజ్ చేసో (నొక్కి సాపు చేసో), రీమర్‌తో చెక్కో తీసేయకపోతే కొత్త ప్రైమర్ ఎక్కదు. బలవంతంగా నొక్కితే నలిగిపోతుంది, ప్రైమర్‌ని నలిపే పని ఎప్పుడూ చేయకూడదు. ఈ పని ఒక్కో కేస్‌కి ఒక్కసారే.

బకెట్‌లో నికెల్ పూత ఉన్న తెల్ల కేసులు కనబడితే పక్కన పెట్టేయండి. పూత చిట్లి రేకులు లేచి డైలో గీతలు పెడుతుంది. గోడల మీద నిలువుగా నల్లటి చారలున్న 308 కేసులు గాడులున్న ఛాంబర్ నుంచి వచ్చినవి, అవీ వద్దు. 243, 7ఎంఎం-08 కేసులు 308 నుంచి పుట్టినవే కాబట్టి శరీరం అచ్చం అలాగే ఉంటుంది, మెడ దగ్గరే తేడా. 223 గుట్టలో కురచగా కోసిన 300 బ్లాకౌట్ కేసులు కలిసిపోతాయి. అందుకే ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూడాలి. గుప్పెళ్ళతో కాదు.

సైనిక 7.62 బ్రాస్‌ని నేను బోల్ట్ రైఫిల్‌కి ఎందుకు వద్దంటున్నానంటే, బరువు ఒక్కటే కారణం కాదు. అందులో చాలా భాగం మెషిన్‌గన్లలో పేలి వస్తుంది. వాటి ఛాంబర్లు వదులుగా ఉంటాయి, కేస్ బాగా సాగిపోతుంది. మీరు దాన్ని మళ్ళీ మామూలు సైజుకి నొక్కినప్పుడు ఆ సాగిన చోట గోడ పలచగానే ఉంటుంది, పైకి మాత్రం కొత్తదానిలా మెరుస్తుంది.

ఆ పలచదనాన్ని పట్టుకునే పరీక్ష ఒకటి ఉంది, ప్రతి రీలోడర్ చేతికి అది అలవాటు కావాలి. పేపర్ క్లిప్ ఒకటి నిటారుగా తీసి, కొసను ఎల్ ఆకారంలో వంచండి, ఆ చిన్న కొసను ఫైల్‌తో పదును చేయండి. దాన్ని కేస్ మూతిలోంచి అడుగు దాకా దించి, కొస లోపలి గోడకి ఆనేలా పట్టుకుని మెల్లగా పైకి లాగండి. మంచి కేస్ అయితే నున్నగా జారుతుంది. అడుగు నుంచి అర అంగుళం లోపు ఎక్కడైనా కొస ఒక గాడిలో పడి తగులుకున్నట్టు అనిపిస్తే, అక్కడ గోడ లోపలి నుంచి తెగడం మొదలైంది. బయట అదే ఎత్తులో సన్నటి మెరిసే గీత కేస్ చుట్టూ కనబడొచ్చు, కనబడకపోవచ్చు కూడా. వేలితో నమ్మకం కుదరకపోతే ఒక కేస్‌ని నిలువుగా రంపంతో కోసి చూడండి, గాడి కళ్ళెదుటే ఉంటుంది. అలాంటి కేస్‌ని ఇంకోసారి కాలిస్తే రెండు ముక్కలై, పై సగం ఛాంబర్‌లోనే ఉండిపోతుంది, వేడి గ్యాస్ యాక్షన్‌లోకి తన్నుకొస్తుంది. కళ్ళద్దాలు లేకుండా కాల్చొద్దని అనేది ఇందుకే.

ఈ జబ్బు రాకుండా ఉండాలంటే సైజింగ్ డైని ఎంత కిందికి దించుతున్నారో కొలవాలి. బోల్ట్ రైఫిల్‌కి షోల్డర్‌ని (మెడ కింద వాలుగా ఉండే భాగాన్ని) 0.002 అంగుళం వెనక్కి నెడితే సరిపోతుంది, ఏఆర్‌కి 0.003 నుంచి 0.004. కేస్‌ని పట్టుకునే ప్రెస్ షెల్‌హోల్డర్‌కి తగిలేదాకా డై దించేసి వాడటం వల్లే మంచి మంచి బ్రాస్ నాలుగైదు సార్లకే చెత్తబుట్టకి చేరుతుంది. ఖరీదైన బ్రాస్ కొనేముందు షోల్డర్ కొలిచే కంపారేటర్ కొనండి, డబ్బు అక్కడ ఎక్కువ పనిచేస్తుంది. పొడవు కూడా చూస్తుండాలి. 308కి గరిష్ఠం 2.015 అంగుళాలు, దాటితే 2.005కి కోసేయాలి. 223కి అవే 1.760, 1.750.

కొత్త బ్రాస్ వచ్చాక కూడా నేరుగా పౌడర్ పోసేయకండి. మెడల్లోంచి ఎక్స్‌పాండర్ ఒకసారి తీసి గుండ్రంగా చేయండి, మూతి అంచు లోపలా బయటా కాస్త చెక్కండి, ఫ్లాష్ హోల్ చూడండి. మొదటిసారి పేలినప్పుడే కేస్ మీ ఛాంబర్ ఆకారానికి వస్తుంది. కాబట్టి మొదటి కాల్పుల గ్రూప్ చూసి బ్రాస్ బాగాలేదని తీర్పు ఇచ్చేయకండి. రెండో సారి నుంచి వేగం కాస్త మారుతుంది, లోడ్ అప్పుడు ఖాయం చేసుకోండి.

లాపువా, లేక్ సిటీ కేసుల మెడ దగ్గర నీలం, గోధుమ రంగు కలిసిన చార చూసి "వాడిన సరుకు పంపారు" అని కంగారుపడేవాళ్ళు ఉన్నారు. అది ఆఖర్న మెడని వేడిచేసి మెత్తబరిచిన గుర్తు, అంటే ఆనీలింగ్. మిగతా కంపెనీలూ చేస్తాయి, పాలిష్ చేసి ఆ రంగు తీసేస్తాయి. ఈ ఆనీలింగ్ ఎంత అవసరమో తెలియజేసిన సంగతి ఒకటి మన దేశంలోనే జరిగింది. బ్రిటిష్ సైన్యం ఇక్కడ ఉన్న కాలంలో వానాకాలం తూటాలను గుర్రపుశాలల్లో నిల్వ ఉంచేవారు. వానలు తగ్గాక చూస్తే చాలా కేసులు, ముఖ్యంగా బుల్లెట్‌ని బిగించిన మెడ దగ్గర, చీలి ఉండేవి. ఋతువుతో వస్తోంది కాబట్టి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. కారణాన్ని 1921లో శాస్త్రవేత్తలు మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ వివరించారు: గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, చల్లగా సాగదీసిన ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడి, ఈ రెండూ కలిసి లోహాన్ని చీలుస్తున్నాయి. అందుకే ఇవాళ్టికీ అమ్మోనియా ఉన్న పాలిష్‌తో కేసులు తోమకూడదు. ఇంట్లో ఇత్తడి సామాను తోమే బ్రాసో వాటిలో ఒకటి. గ్లాస్ క్లీనర్ సీసా మీద కూడా చదువుకోండి.

మీరే ఆనీల్ చేయాలనుకుంటే మెడ, షోల్డర్ మాత్రమే వేడెక్కాలి. అడుగుకి వేడి తగిలి మెత్తబడితే ఆ కేస్ ప్రమాదం, దాన్ని మళ్ళీ గట్టిపరచలేం. కడిగిన కేసులు త్వరగా ఆరతాయని ఎక్కువ వేడి మీద ఓవెన్‌లో పెట్టడం కూడా అందుకే వద్దు. పైగా వంట ఓవెన్ అసలే వద్దు, వంటింటి సింక్ కూడా వద్దు. పేలిన ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. కేసులు తోమే టంబ్లర్ యంత్రాన్ని గరాజ్‌లోనే తిప్పండి, తవుడులాంటి ఆ మీడియాని జల్లించేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే పిల్లల్ని ఎత్తుకోండి.

కేసుల్ని 50 పట్టే ప్లాస్టిక్ పెట్టెల్లో పెట్టి, పైన చీటీ అంటించండి: కంపెనీ, లాట్, ఏ రైఫిల్, ఎన్నిసార్లు పేలాయి, ఎప్పుడు కోశారు. పెట్టెలోని 50 కలిసే కాల్చాలి, కలిసే సైజ్ చేయాలి. ప్రైమర్ నొక్కేటప్పుడు బొటనవేలికి ఏ ప్రతిఘటనా తెలియకుండా జారిపోయిందంటే ఆ పాకెట్ పని అయిపోయింది. పెట్టెలో అలాంటివి రెండు మూడు వరసగా వస్తే మొత్తం పెట్టెని పక్కన పెట్టేయడమే నా పద్ధతి, మిగతావి కూడా అదే వయసువి కదా. మెడ చీలినవి, క్లిప్ తగులుకున్నవి, పాకెట్ వదులైనవి, అన్నిటి మూతినీ పట్టకారుతో నలిపేయండి. అప్పుడు ఎవరూ పొరపాటున ఏరుకుని మళ్ళీ లోడ్ చేయలేరు. ప్రైమర్ తీసేసిన ఇత్తడికి స్క్రాప్ యార్డులో తూకం లెక్కన మంచి ధరే ఇస్తారు.